ఆఫీసు జాబితాలకు ఒకే మూస ఇవ్వండి

సంపాదకుడికి,

ఇటీవల మా ప్రాంతంలోని ఒక కార్యాలయం గోడకు లబ్ధిదారుల జాబితా అతికించారు. దరఖాస్తు తేదీ ఉండాల్సిన గడుల నిండా ######## గుర్తులు. 12 అంకెల దరఖాస్తు నంబరు బదులు 2.02E+11 అని ఉంది. రెండో పేజీ నుంచి శీర్షికలు లేవు. మంజూరైందో లేదో చెప్పే చివరి నిలువు వరుస విడిగా ఇంకో కాగితం మీదికి పోయినట్టుంది. ఆ కాగితం గోడ మీద లేనే లేదు!

ఇందులో గుమస్తాను తప్పు పట్టడానికేమీ లేదు. ఎక్సెల్‌లో కొత్త షీటు తెరిస్తే వచ్చేది ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకున్న ఫాంటు, ఎనిమిది అంకెలకు సరిపోయే గడి, తెరపై కనిపించినా ముద్రణలో రాని గీతలు. పైగా అది 15 అంకెల వరకే గుర్తుంచుకుంటుంది. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరు కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. మొదట్లో సున్నాలుంటే ఎగిరిపోతాయి. ఆ నంబరుతో బిల్లు వెళ్తే డబ్బు జమ కాదు, లబ్ధిదారు మాత్రం కాళ్లరిగేలా తిరగాలి. కొన్ని జన్యువుల పేర్లను ఇదే ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే వేగలేక, 2020లో శాస్త్రవేత్తలు ఏకంగా ఆ పేర్లే మార్చుకున్నారు. మనం ఖాతా నంబర్లు మార్చుకోలేం కదా.

దీనికి పైసా ఖర్చు లేని మందుంది. ఖాళీ షీటు ఒకటి తెరిచి యూనికోడ్ తెలుగు ఫాంటు పెట్టాలి. మండలి, రామభద్ర వంటివి ఉచితంగానే దొరుకుతున్నాయి. వత్తులు తెగకుండా గడుల ఎత్తు పెంచి, ఏ4 కాగితం ఎంచుకుని, అన్ని నిలువు వరుసలూ ఒకే పేజీ వెడల్పులో ఇమిడేలా, శీర్షికలు ప్రతి పేజీలో వచ్చేలా, గీతలు ముద్రణలో పడేలా అమర్చాలి. ఖాతా, దరఖాస్తు నంబర్ల వరుసలను టెక్స్ట్‌గా పెట్టాలి. దీన్ని ‘బుక్’ (Book) అనే పేరుతో టెంప్లేటుగా, అంటే మూసగా, ఎక్సెల్‌కు చెందిన ఎక్స్‌ఎల్‌స్టార్ట్ (XLSTART) ఫోల్డరులో దాస్తే చాలు, కంట్రోల్-ఎన్ నొక్కినప్పుడల్లా కొత్త షీటు ఇదే రూపంలో తెరుచుకుంటుంది. ఎక్సెల్ బదులు ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్ వాడేవారు టెంప్లేటుగా భద్రపరిచి, దాన్నే డిఫాల్టుగా ఎంచుకుంటే సరి. వీటితోపాటు విండోస్‌లో ప్రాంతాన్ని ఇండియాగా పెట్టాలి. లేకపోతే లక్షల దగ్గర పడాల్సిన కామా మిలియన్ల దగ్గర పడుతుంది, 03/04 అంటే మార్చి నాలుగో ఏప్రిల్ మూడో ఎవరికీ తెలియదు.

ఈ పని ప్రతి గుమస్తా నేర్చుకుని చేయాలనడం అన్యాయం. రెండు రాష్ట్రాల ఐటీ శాఖలు మూసను ఒక్కసారి తయారు చేసి, జిల్లాల్లోని ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) సిబ్బంది ద్వారా మండల కార్యాలయాల దాకా ప్రతి కంప్యూటర్‌లో వేయించాలి. ఎప్పటిలా ఒట్టి సర్క్యులర్ పంపితే అది బీరువాలోకే చేరుతుంది.

ఒక జాగ్రత్త. పోర్టళ్ల నుంచి దింపుకునే సీఎస్‌వీ ఫైళ్లకు (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ పట్టికలకు) ఈ మూస వర్తించదు. వాటిని నేరుగా తెరవకుండా, దిగుమతి చేసేటప్పుడే నంబర్ల వరుసను టెక్స్ట్‌గా ఎంచుకోవాలి. మూస ఇచ్చే రోజే సిబ్బందికి ఇదీ చూపించాలి. జాబితా గోడకెక్కే ముందు అధికారి ముద్రించిన ప్రతిని ఒకసారి చదివి సంతకం చేయాలి.

– ఒక విశ్రాంత ప్రభుత్వోద్యోగి, తెనాలి