మాకు రాని రథసప్తమి

తిరుపతి,
జూన్, ఆదివారం రాత్రి

ఒరేయ్ మునీ,

నేను ఇంటికి వచ్చి ఇరవై రోజులైంది. నువ్వు తోతాపురి కాయల్లో మునిగిపోయి ఉన్నావని చెల్లెమ్మ చెప్పింది. సీజన్లో పల్ప్ ఫ్యాక్టరీ వదిలి రాలేవు. ఫోన్ చేస్తే మిషన్ల హోరు తప్ప నీ మాట వినపడదు. అందుకే చిన్నప్పటిలాగా ఉత్తరం రాస్తున్నా. పడుకునే ముందు మెల్లగా చదువుకో. చివర్లో నీతో ఒక పని ఉంది.

ఈసారి నేను పనిచేసింది ప్రపంచమంతా చుట్టి వచ్చే షిప్పులో. జనవరి మొదట్లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో బయల్దేరి, పడమరకే పోయి పోయి, ఏప్రిల్ చివర మళ్లీ అదే రేవుకు చేరాం. దాదాపు రెండు వేల మంది ప్రయాణికులు, తొమ్మిది వందల మంది పనివాళ్లం. నాది మామూలుగానే బేకరీలో రాత్రి షిఫ్టు. లోకం పడుకున్నాక మొదలుపెట్టి, వాళ్లు లేచేసరికి వేల రొట్టెలు, బన్నులు పైకి పంపాలి. సముద్రపు నీళ్లలో ఉప్పు తీసేసి షిప్పులోనే మంచినీళ్లు చేస్తారు, ఆ నీళ్లతోనే పిండి కలుపుతాం. జనవరి అట్లాంటిక్ ఎట్లాంటిదో తెలుసా? ట్రాలీలన్నీ కట్టేయాలి, ఓవెన్ తలుపు గొళ్లెం పెట్టకుండా పక్కకు తిరగకూడదు. పైన డైనింగ్ హాల్లో కంచాలు జారకుండా బల్లల మీద తడిగుడ్డలు పరుస్తారు. అదే పనామా దగ్గరికి వచ్చేసరికి ఉక్కకు పిండి గబగబా పొంగిపోతుంది, ఐసు నీళ్లు పోసి కలపాలి. ఎక్కడున్నామో మ్యాప్ చూసి చెప్పేవాళ్లు చెబుతారు, నాకు మాత్రం పిండి మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది.

క్యాబిన్ నీటి మట్టం కంటే కింద. ఇద్దరికి ఒకటి, కింద నేను, పైన కేరళ కుర్రాడు. కిటికీ ఉండదు. లైటు ఆపితే గర్భగుడి చీకటి. ఇనుప గోడకు అవతల నీళ్లు రాసుకుంటూ పోయే చప్పుడు వింటూ నిద్రపోవాలి. కాంట్రాక్టు అయ్యేదాకా వారానికి ఒకరోజు సెలవు అనే మాటే లేదు. రోజులో పది గంటలు విశ్రాంతి ఇవ్వాలని అంతర్జాతీయ చట్టం ఉంది కాబట్టి ఆ పది గంటలు దక్కుతాయి. కష్టమే, కానీ చెల్లెలి పెళ్లి అప్పు తీరింది ఈ పనితోనే కదా, ఆ మాట ఎప్పటికీ మరిచిపోను.

ప్రయాణికుల్లో చాలామంది డెబ్బై దాటినవాళ్లు. నెల తిరిగేసరికి షిప్పు ఒక వీధి అయిపోతుంది. ఎవరి కుర్చీ ఏది, ఎవరికి షుగర్, ఎవరికి ఎవరితో మాటల్లేవు, అన్నీ అందరికీ తెలుసు. మధ్యలో ఒక పెద్దాయన నిద్రలోనే పోయాడు. ఇట్లాంటి వాటి కోసం షిప్పులో చల్లటి గది ఒకటి ఉంటుంది. రోజూ నల్లగా కాలిన రొట్టె అంచు కావాలని అడిగి తినే మనిషి. మర్నాడు పొద్దున ఆ అంచు పక్కన పెట్టి, ఎవరికివ్వాలో తోచక అట్లాగే నిలబడిపోయాను.

పనామా కాలువ నీకు చూపించాల్సింది మునీ. 1914లో తెరిచారు. మూడు మెట్లెక్కినట్టు షిప్పును 26 మీటర్లు పైకి లేపి గాటున్ చెరువులోకి వదులుతారు. ఒక్క మోటారు పంపు లేదు! పైన చెరువు నీళ్లను తూము తీసినట్టు కిందికి వదులుతారు, తొట్టి నిండుతుంది, కొండంత షిప్పు మెల్లగా లేస్తుంది. రెండు పక్కలా గోడ చెయ్యి చాస్తే అందేంత దగ్గర. చెరువులోకి రాగానే ఎన్నో రోజుల తర్వాత తడి మట్టి వాసన, చెట్ల వాసన వచ్చింది. వానాకాలంలో మన కల్యాణి డ్యామ్ గట్టు మీద నిలబడ్డట్టే అనిపించింది.

ఇక అసలు సంగతి. పడమరకు పోతుంటే కొన్ని రోజులకోసారి మైకులో చెబుతారు, ఈ రాత్రి గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుకోండని. అంటే ఆ రోజుకు 25 గంటలు. మాకు పండగే, ఇంకో గంట నిద్ర. అట్లా గంట గంట చొప్పున అప్పిచ్చిన సముద్రం, పసిఫిక్ మధ్యలో తేదీ మారే గీత దగ్గర మొత్తం ఒకేసారి వసూలు చేసుకుంటుంది. ఒక రోజుకు రోజు ఎగిరిపోతుంది. 15వ తేదీ రాత్రి దాటితే 17. ఆ మాయమైన 16 ఏ రోజనుకున్నావు? రథసప్తమి.

నువ్వూ నేనూ చలిలో దుప్పటి కప్పుకుని తిరుమల మాడవీధిలో చోటు పట్టుకుని కూర్చున్న రథసప్తములు ఎన్ని! పొద్దున సూర్యప్రభ నుంచి రాత్రి చంద్రప్రభ దాకా ఏడు వాహనాలూ చూసి తీరాలని నీ పట్టు. ఈసారి అమ్మ సూర్యప్రభ ముందు నిలబడి ఫోన్ చేస్తే, నాకింకా ముందు రోజు మధ్యాహ్నం ఒంటిగంట. సాయంత్రం డ్యూటీకి సిద్ధమయ్యాను, అర్ధరాత్రి దాటింది, తేదీ 17. తెల్లవారుజామున నాలుగింటికి ఓవెన్ ముందు నిలబడి లెక్క వేసుకున్నా. అక్కడ మీకు రాత్రి ఎనిమిదిన్నర, చంద్రప్రభ మీద స్వామి వస్తుంటాడు. అక్కడ ఇంకా పండగ నడుస్తూనే ఉంది, ఇక్కడ పండగ రాకుండానే పోయింది. చేతిలో పిండి పట్టుకుని ఏడ్చానురా. కేరళ కుర్రాడు ఏమీ అడగలేదు, నా ట్రేలు కూడా తనే సర్దాడు.

ఇది మొదటిసారి అనుభవించిన వాళ్లు, ప్రపంచాన్ని మొట్టమొదట చుట్టి వచ్చిన మెజెల్లాన్ షిప్పుల వాళ్లట. 1522లో తిరిగొస్తూ కేప్ వెర్డి దీవుల్లో ఆగితే వాళ్ల లెక్కలో బుధవారం, ఒడ్డున గురువారం. ఒక్కరోజు తప్పకుండా రాసుకుంటూ వచ్చిన పిగఫెట్టా అనే ఆయన నమ్మలేకపోయాడట. మేం తర్వాత ఆగిన సమోవా అయితే దేశానికి దేశమే ఒక రోజును వదిలేసింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో వ్యాపారానికి వీలుగా ఉండాలని 2011 డిసెంబర్ 30ని క్యాలెండర్లోంచి తీసేశారు.

ఈ సంగతి అమ్మతో చెబితే, నేను వచ్చిన మర్నాడే జిల్లేడాకులు, రేగాకులు తెచ్చి నా తల మీద, భుజాల మీద పెట్టి నీళ్లు పోసింది. "తిథి లేకపోతే ఏమి నాయనా, సూర్యుడు ఉండాడు గదా" అంది.

ఇప్పుడు నీ పని. సమోవా తర్వాత ఫిజీలో లౌటోకా అనే రేవులో ఆగాం. చక్కెర మిల్లు ఊరు. నాకు ఆరు గంటలు బయటికి వెళ్లే వీలు దొరికింది. బస్సెక్కి నాడి అనే ఊరికి పోయాను. అక్కడ సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉంది, మన గోపురమే, మన రంగులే. ఆడికృత్తికకు మా నాయన తిరుత్తణికి కావడి మోసిన రోజులు గుర్తొచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. అక్కడ ఒక పెద్దాయన పలకరించాడు. ఫిజీ హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడతాడు. తెలుగులో అన్నం, నీళ్లు, బావ, ఇట్లాంటి మాటలు పది మిగిలాయి. చెరకు తోటల్లో పనికి 1879 నుంచి 1916 దాకా 60 వేల మందికి పైగా మనవాళ్లను ఐదేళ్ల ఒప్పందం మీద తీసుకుపోయారు కదా, ఆ ఒప్పందాన్నే వాళ్లు గిర్మిట్ అంటారు. ఈయన తాత మద్రాసు రేవులో ఓడెక్కాడు.

అప్పట్లో ఓడెక్కేవాళ్లకు ఇచ్చిన పాస్ కాగితం, తాతది, ఫొటో తీసి ఉంటే ఫోన్లో చూపించాడు. జిల్లా: నార్త్ ఆర్కాట్. తాలూకా: చిత్తూరు. నా గుండె ఆగినంత పనైంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఆ ఊరు నార్త్ ఆర్కాట్‌లోదే. ఎత్తు, ఒంటి మీద మచ్చ కూడా రాశారు, కుడి మోకాలి కింద కాలిన గుర్తు. కానీ ఊరి పేరు దగ్గర కాగితం మడత పడి చిరిగింది. చివర "పల్లె" ఒక్కటే కనిపిస్తోంది.

మన వైపు "పల్లె" లేని ఊరు ఏది? నేను తల పట్టుకుంటే ఆయన ఇంకో మాట చెప్పాడు. వాళ్లింట్లో ఎవరైనా నిజం చెబుతున్నానని ఒట్టు పెట్టాలంటే "కానిపాక్" అంటారట. దాని అర్థం వాళ్లకు తెలియదు, తాత అనేవాడు కాబట్టి అంటారు. మునీ, అది మన కాణిపాకం! అక్కడ వినాయకుడి ముందు ప్రమాణం చేస్తే అబద్ధం నిలవదని మన తాతలు చెప్పలేదా? ఈ మాట చెబితే ఆ పెద్దాయన నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. సెలవులో వెతుకుతానని మాటిచ్చి వచ్చాను.

నీ దగ్గరికి ఇరాల, తవణంపల్లె, పూతలపట్టు వైపు రైతులు రోజూ కాయలు తెస్తారు. ట్రాక్టర్లు లైన్లో ఉన్నప్పుడు వాళ్లను అడుగు. మీ ఇంట్లో ముసలివాళ్లు ఎవరైనా, ఓడెక్కి పోయి తిరిగి రాని మనిషి గురించి చెప్పేవాళ్లా అని. ఆ తాత పేరు, ఆయన తండ్రి పేరు వేరే చీటీలో రాసి ఇందులోనే పెట్టాను. జూలై ఇరవైకి నేను మళ్లీ షిప్పెక్కాలి. ఆలోగా ఒక్క ఆదివారం ఖాళీ చేసుకో, నీ బండి మీద ఇద్దరం ఆ పల్లెలన్నీ తిరుగుదాం. బయల్దేరే ముందు కాణిపాకంలో దిగి దండం పెట్టుకుందాం.

చెల్లెమ్మకు, పిల్లలకు నా మాటగా చెప్పు. అమ్మ నీకు ఆవకాయ జాడీ తీసి పెట్టింది.

నీ
బాల్య స్నేహితుడు