ఆ పనిముట్లకు ఊరి పేరైనా రాయండి

సంపాదకుడు గారికి,

ఈమధ్య పిల్లల్ని ఒక మ్యూజియంకి తీసుకెళ్తే, అద్దాల వెనక రాతి గొడ్డళ్లు, ఎముక పనిముట్లు కుప్పగా ఉన్నాయి, కింద 'ప్రాచీన పనిముట్లు' అని తప్ప ఎక్కడ దొరికాయో ఒక్క ముక్క లేదు. బాధేసింది. మన నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1880లలో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వితే ఎముక పనిముట్లు బయటపడ్డాయి, తర్వాత ముచ్చట్ల చింతమాను గవి అనే గుహలోనూ దొరికాయి. ఎముక మట్టిలో త్వరగా పాడైపోతుంది కాబట్టి ఇలాంటివి దొరకడమే అరుదు! ఫుట్ సేకరణ చెన్నై ఎగ్మూర్ మ్యూజియంలో ఉంది, సరే, కనీసం నమూనాలైనా చేయించి, ఊరి పేరు, వాడిన తీరు తెలుగులో రాసి నంద్యాల, కర్నూలు పిల్లలకు చూపించాలని పురావస్తు శాఖను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, కర్నూలు