గువ్వలచెరువు ఘాట్‌లో మా బండిని కాపాడిన వాళ్లకు

మా పాత డీజిల్ బండి మళ్లీ రోడ్డెక్కింది. కడప నుంచి రాయచోటికి పోతూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కుడులో ఆయిల్ అంతా కారిపోయి నిలిచిపోయిన బండి ఇది. ఇంజన్ దక్కడం కొందరి పుణ్యం. వాళ్లేం చేశారో పదిమందికీ తెలియాలని రాస్తున్నాను.

ముందు టమాటా లారీ అన్నకు నా దండాలు. ఎర్ర ఆయిల్ లైటు వెలిగేసరికి బండి పక్కకు తీశాను. ఎదురుగా దిగుతున్న ఆయన రోడ్డు మీద నల్లటి చార చూసి లారీ ఆపి, పరుగున వచ్చి, "ఇంజన్ ఆపబ్బీ, మళ్లా స్టార్ట్ చేయాకు" అన్నాడు. ఆ లైటు వెలిగిందంటే లోపల ఆయిల్ ప్రెజర్ పడిపోయిందని, బేరింగులకు ఆయిల్ అందడం లేదని. ఇంకాస్త నడిస్తే ఇంజన్ లోపల తిరిగే క్రాంకు ఇరుసు పట్టేసేది. తాడు కట్టి కిందికి లాక్కుపోదామని ఎవరో అంటే దానికీ ఆయన ఒప్పుకోలేదు. ఇంజన్ ఆగిన బండిలో బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది, పవర్ స్టీరింగ్ సాయం ఉండదు. ఆ మలుపుల్లో అలా దిగితే ప్రాణాలకే ముప్పు. టోయింగ్ బండి వచ్చేదాకా లోడు పక్కన పెట్టుకుని మాతోనే ఉన్నాడు. టమాటా లోడు లేటయితే ఎంత నష్టమో ఆ దారిన తిరిగేవాళ్లకు తెలుసు. స్టాపు కాని చోట బస్సు ఆపి అమ్మనూ పిల్లల్నీ ఎక్కించుకున్న ఆర్టీసీ డ్రైవర్, కండక్టర్ గార్లకూ కృతజ్ఞతలు.

ఇక కడపలో మా మెకానిక్ అన్న. బండి కింద ఆయిల్ తడి అంతకుముందు నుంచే ఉంది. వేరేచోట చూపిస్తే క్రాంకు వెనక ఆయిల్ కారకుండా ఆపే సీలు పోయింది, గేర్‌బాక్స్ దించాల్సిందే అన్నారు. ఈయన ఆ మాట విని తలూపి ఊరుకోలేదు. ముందు ఆయిల్ ఫిల్టర్ కోసి, లోపలి కాగితం విప్పి, బేరింగులు అరిగి మెరిసే లోహపు పొడి ఏమైనా వచ్చిందేమోనని వెలుతురులో చూశాడు. లేదు. అప్పుడు కిందంతా డీజిల్‌తో కడిగి తుడిచి, కొత్త ఆయిల్ పోసి స్టార్ట్ చేస్తే అసలు సంగతి బయటపడింది. రేడియేటర్ ముందుండి ఇంజన్ ఆయిల్‌ను చల్లబరిచే ఆయిల్ కూలర్‌కు ఉన్న రెండు లైన్లలో ఒకదానిలో, ఇనుప పైపుకు రబ్బరు హోసును కలిపి నొక్కిన చోట ఆయిల్ చిమ్ముతోంది. వెంటనే ఆపేశాడు. రెండో లైను మీద పౌడర్ చల్లి చూస్తే, అదీ అదే జాయింటు దగ్గర చెమర్చింది. బండి ముందు భాగంలో కారిన ఆయిల్‌ను గాలి వెనక్కి తోసి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ నుంచి గేర్‌బాక్స్ దాకా తడిపేస్తుంది కాబట్టి సీలు పోయినట్టే కనిపిస్తుంది. ఆ ఒక్క పరీక్షతో గేర్‌బాక్స్ దించే ఖర్చు తప్పింది.

పాత హోసు కోసి మామూలు క్లిప్పులు బిగిస్తే త్వరగా అయిపోతుంది కదా అని అడిగాను. "ఘాట్ ఎక్కేటప్పుడు మళ్లీ ఊడుతుందన్నా, నేను వేయను" అన్నాడు. పంపు తోసే ప్రెజర్‌కు, ఆ వేడికి అలాంటి క్లిప్పు నిలబడదట. కంపెనీ లైన్లు ఊళ్లో దొరకలేదు. అందుకని జేసీబీల హోసులకు చివర్లలో ఇనుప మూతులు నొక్కి బిగించే అంగడికి నన్ను వెంటబెట్టుకుని పోయాడు.

ఆ అంగడి భాయ్‌ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. చేతిలో ఉన్న మామూలు హైడ్రాలిక్ హోసు అమ్మేసి పంపించొచ్చు. అది 100 డిగ్రీల వరకే పనికొస్తుందనీ, మన ఎండల్లో లోడుతో ఎక్కుడు ఎక్కితే ఇంజన్ ఆయిల్ వేడి అంతకు మించుతుందనీ ఆయనే చెప్పి, ఎక్కువ వేడి ఓర్చే హోసు పక్క అంగడి నుంచి తెప్పించాడు. తెచ్చినందుకు పైసా ఎక్కువ తీసుకోలేదు.

బిగించేటప్పుడు మెకానిక్ అన్న చేతుల్లోని ఓపిక చూడాలి. కూలర్ అల్యూమినియంది, దాని మూతి మెలిపడకుండా ఒక పానాతో పట్టుకుని ఇంకో పానాతో నట్టు తిప్పాడు. జాయింట్లలో ఆయిల్ కారకుండా ఆపే పాత రబ్బరు ఓ-రింగులు ఒక్కటీ మళ్లీ వాడలేదు. ఇంజన్ ఊగుతుంది కాబట్టి హోసుకు కాస్త వదులు ఉంచి, ఛాసిస్‌కు రాసుకోకుండా రబ్బరు పట్టీతో కట్టాడు. సైలెన్సర్ పైపు మీద పడిన ఆయిల్‌ను కూడా తుడిచాడు, వేడెక్కితే అంటుకునే ప్రమాదం ఉందని. స్టార్ట్ చేసి ఆపాక, కూలరూ లైన్లూ నిండి లెవెల్ తగ్గి ఉంటుందని మళ్లీ డిప్‌స్టిక్ చూసి ఆయిల్ పోశాడు. తర్వాత లోడుతో అదే ఘాట్ ఎక్కి వచ్చాం. కింద చుక్క తడి లేదు.

లారీ అన్న నంబరు తీసుకోవడం ఆ హడావిడిలో కుదరలేదు. మా చక్రం కింద ఆయన పెట్టిన చెక్క దిమ్మె మా దగ్గరే ఉండిపోయింది. మదనపల్లె, రాయచోటి వైపు నుంచి కడపకు టమాటా తోలే డ్రైవర్లలో ఎవరికైనా ఆయన తెలిస్తే నాకు చెప్పండి. దిమ్మె ఇచ్చి, కూర్చోబెట్టి భోజనం పెట్టాలని మా అమ్మ రోజూ అడుగుతోంది.