తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయుల లేఖ: నవంబరు 20, 2020

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మంగళవారం మూడో పీరియడ్‌లో కరోనా అనుమానంతో పదో తరగతి గది ఒకటి ఖాళీ చేయించిన సంగతి సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. వాట్సాప్‌లో తిరుగుతున్నట్టు అంబులెన్సు రాలేదు, బడి మూతపడలేదు. జరిగింది ఇంతే. ఉదయం గేటు దగ్గర 98.2 డిగ్రీలు చూపించిన ఒక విద్యార్థికి 11 గంటలకు 101 జ్వరం. ముందు రాత్రి నుంచే ఒళ్ళు వెచ్చగా ఉందట, పొద్దున్నే పారాసిటమాల్ బిళ్ళ వేసి పంపారు. ఆ గదిలోని 16 మందినీ ఇళ్ళకు పంపేశాం. కరోనా పరీక్ష (ఆర్‌టీపీసీఆర్) నెగెటివ్ అని నిన్న కబురొచ్చింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం.

బిళ్ళ జ్వరాన్ని నాలుగు నుంచి ఆరు గంటలు అణచిపెడుతుంది, జబ్బును కాదు. ఆలోపు మా థర్మల్ గన్ చేయగలిగింది ఏమీ లేదు. అది చూసేది నుదుటి చర్మం వేడినే. ఎండలో సైకిలు తొక్కుకొచ్చిన పిల్లకు ఎక్కువ చూపిస్తుంది, చెమట పట్టిన నుదుటికి తక్కువ చూపిస్తుంది. అందుకే వేపచెట్టు నీడన పది నిమిషాలు కూర్చోబెట్టి, నుదురు తుడిపించి చూస్తున్నాం. గేటు దగ్గర ఆలస్యమవుతోందని విసుక్కుంటున్న పెద్దలు దయచేసి గమనించాలి. 99.5 దాటితే వెనక్కి పంపుతాం. జ్వరం, గొంతునొప్పి, దగ్గు, వాసన తెలియకపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా పంపకండి. హాజరు తప్పనిసరి కాదని మొదటి రోజే చెప్పాం.

‘ఈ వయసు పిల్లలు చెప్తే వింటారా’ అని ఫోన్లు వస్తున్నాయి. వింటున్నారండీ. మాస్కు ముక్కు కిందికి జారేది పొగరుతో కాదు, చాలామందికి అది నాన్నగారి మాస్కు కావడం వల్ల. చెవి తాడుకు ఒక ముడి వేస్తే సరిపోతుంది. రెండో కారణం తడి. మూడో పీరియడ్‌కల్లా గుడ్డ చెమ్మగిల్లి ఊపిరి ఆడదు, కిందికి లాగేస్తారు. కాబట్టి మూడు పొరల నూలు మాస్కులు రెండు పంపండి, ఒకటి ముఖానికి, ఒకటి సంచిలో. విప్పినదాన్ని పాలిథిన్ కవరులో కుక్కితే చెమ్మ ఆరదు, చిన్న గుడ్డ సంచి ఇవ్వండి. సబ్బునీళ్ళలో ఉతికి అయిదు గంటలు ఎండలో ఆరేస్తే చాలు, బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టొద్దు. ఇక, గడ్డం కింద మాస్కు పెట్టుకుని గేటు దాకా వచ్చి ‘మాస్కు సరిగ్గా పెట్టుకోరా’ అని కొడుకును గదిమే నాన్నగార్లకు నా వినయపూర్వక నమస్కారాలు.

చేతుల సంగతి చెప్పనివ్వండి, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. జేబులో శానిటైజర్ సీసా ఉంటే సబ్బు అక్కర్లేదనే భ్రమ ఇళ్ళలో బాగా పాతుకుంది. ఈ వైరస్ చుట్టూ ఉన్నది కొవ్వు పొర. సబ్బు నురగ దాన్ని విడగొట్టి నీళ్ళతో కడిగేస్తుంది, అయితే 20 సెకన్లు రుద్దాలి, గోళ్ళ సందులూ బొటనవేలూ మరిచిపోకుండా. శానిటైజర్ మట్టి చేతుల మీద సరిగా పనిచేయదు. పైగా అందులో ఉన్నది ఆల్కహాలు. అది రాసుకున్న చేతులు ఆరకముందే కార్తీక దీపం వెలిగించబోతే అంటుకుంటుంది! ఉన్న కుళాయిలు చాలక, తొమ్మిదో తరగతి అమ్మాయిలు నలుగురు కాలితో తొక్కే కుళాయిలు ఆరు కట్టారు. రెండు పంగల కర్రలు, వాటి మీద అడ్డకర్ర, దానికి వేలాడే 5 లీటర్ల నూనె డబ్బా, మూతకు నాలుగు వేళ్ళ కింద కాల్చిన మేకుతో ఒక బెజ్జం, డబ్బా మెడ నుంచి కింది పుల్లకు తాడు. పుల్ల తొక్కితే డబ్బా వంగి నీళ్ళు పోస్తుంది, చెయ్యి దేన్నీ తాకదు. మొదటి డబ్బాలో బెజ్జం పెద్దదై పది మందికే ఖాళీ అయింది. రెండోదానికి మూత బిగించేసరికి గాలి ఆడక నీళ్ళు ఆగి ఆగి పడ్డాయి, మూత కాస్త వదులు చేస్తే కుదిరింది. సబ్బు జారి మట్టిలో పడుతుంటే ఉల్లిపాయల వల సంచిలో వేలాడదీశారు, కింద బురద కాకుండా కంకర పోశారు. ఎవరూ చెప్పలేదు, వాళ్ళకే తట్టింది. ఒకసారి వచ్చి తొక్కి చూడండి.

23వ తేదీ సోమవారం నుంచి ఎనిమిదో తరగతి వాళ్ళూ బడికి వస్తారు. రోజు మార్చి రోజు పద్ధతిలో మార్పు లేదు. మధ్యాహ్న భోజనం దూరదూరంగా కూర్చుని తింటున్నారు, మంచినీళ్ళ సీసా ఎవరిది వాళ్ళే తేవాలి. ఒక ఆటోలో పన్నెండు మందిని కుక్కి పంపితే మేం గదిలో పాటించే ఆరడుగుల దూరానికి అర్థమేముంటుందో ఆలోచించండి. వనభోజనాలకు వెళ్ళినవాళ్ళలో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే దాచకుండా చెప్పండి, ఎవరినీ నిందించం.

సమ్మతి పత్రం మీద పలికే ఫోన్ నంబరు రాయండి. మంగళవారం ఒక ఇంటికి మూడు నంబర్లు కలిపాం. ఒకటి స్విచాఫ్, ఒకటి రాంగ్ నంబరు, మూడోది అమ్మమ్మగారిది. ఆవిడే నడుచుకుంటూ వచ్చారు, మాస్కు ముక్కు మీదికి పెట్టుకుని.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు