నవల చదివితే దాని పక్కన చరిత్ర కూడా చదవండి

ఎడిటర్ గారికి నమస్కారం,

డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, ఆ తర్వాత జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం, ఇవి దగ్గర పడ్డాయంటే చాలు తెలిసినవాళ్లందరూ అడిగేది ఒక్కటే, ఏం కొనమంటారు, ఏం చదవమంటారు అని. చివరికి చాలామంది ప్రతి స్టాల్ ముందూ పేర్చి ఉండే పర్సనాలిటీ డెవలప్‌మెంట్ పుస్తకాలు రెండు పట్టుకుని ఇంటికెళ్లిపోతున్నారు. అవి చదవొద్దని నేను అనను. కానీ మన నేల మీద ఇంత గొప్ప నవలలు, ఇంత గొప్ప చరిత్ర పుస్తకాలు ఉండగా వాటి పేర్లు కూడా తెలియకుండా పోతున్నాయే అని మాత్రం చాలా బాధగా ఉంటుంది, అందుకే ఈ ఉత్తరం.

నేను చెప్పే పద్ధతి చాలా సింపుల్ అండి. ఒక నవల తీసుకుంటే అదే ప్రాంతానిదో అదే కాలానిదో ఒక చరిత్ర పుస్తకం కూడా తీసుకోండి, రెండూ ఒకదాని వెంట ఒకటి చదవండి. నవల్లో మనుషులు కళ్లముందు తిరుగుతారు, వాళ్లు అలా ఎందుకు బతకాల్సొచ్చిందో చరిత్ర చెప్తుంది.

తెలంగాణతో మొదలుపెట్టండి. దాశరథి రంగాచార్య గారి చిల్లర దేవుళ్లు చిన్న నవలే, కూర్చుంటే రెండు రోజుల్లో అయిపోతుంది, నిజాం కాలంలో ఒక పల్లె, ఆ పల్లెని గుప్పిట్లో పెట్టుకున్న దొర, గడీలో, అంటే దొర కోటలాంటి ఇంట్లో, దాసీలుగా ఉండే ఆడబాపల బతుకు, ఇదంతా ఎక్కడా ఉపన్యాసం లేకుండా చెప్పారాయన. అది ముగించిన వెంటనే మనకు తెలియని మన చరిత్ర తీయండి. స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గరికెళ్లి వాళ్ల నోటితో వాళ్లు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేసి 1986లో పుస్తకంగా తెచ్చారు. చిట్యాల ఐలమ్మ ఉంది, మల్లు స్వరాజ్యం ఉంది, మనం ఎప్పుడూ పేరు వినని వాళ్లు కూడా ఉన్నారు. దళంలో తిరుగుతూ కన్నబిడ్డని వేరేవాళ్లకి ఇచ్చేయాల్సొచ్చిన తల్లి మాటలు చదివాక కాసేపు పుస్తకం పక్కన పెట్టేయాల్సిందే. అన్నిటికన్నా నన్ను కుదిపేసింది 1951లో పోరాటం ఆపేశాక జరిగింది, అన్నాళ్లు తుపాకులు మోసిన ఆడవాళ్లని ఇంక ఇళ్లకెళ్లి సంసారాలు చూసుకోండి అనేస్తే వాళ్లకి ఎట్లా అనిపించిందో వాళ్లే చెప్తారు. స్కూల్ టెక్స్ట్‌బుక్‌ల్లో ఇలాంటివి కనిపించడం అరుదు. ఇది నచ్చితే కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసిన కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ఆత్మకథ నిర్జన వారధి వదలకండి, 2012లో వచ్చేనాటికి ఆవిడ తొంభై దాటారు, ఆ వయసులో ఎవరి మీదా ద్వేషం లేకుండా అంత సూటిగా రాయడం మాటలు కాదు.

రాయలసీమకి వస్తే బండి నారాయణస్వామి గారి శప్తభూమి. హండే రాజుల నాటి అనంతపురం సీమ, పద్దెనిమిదో శతాబ్దం, కరువులు, దేవుడి పేరున వదిలేసిన ఆడపిల్లలు బసివినులు, పాలెగాళ్లు. 2019లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది కాబట్టి పేరు విని ఉంటారు, కానీ చదివినవాళ్లు నాకు తక్కువ కనిపించారు. దీని పక్కన పెట్టుకోవాల్సింది కైఫియత్తులు. కాలిన్ మెకంజీ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, ఇంకా వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి ఆ ఊరు ఎట్లా పుట్టింది, గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరిది, ఎవరెవరు ఏలారు అని సేకరించిన రికార్డులు అవి. కడప జిల్లావి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వాళ్లు సంపుటాలుగా వేశారు. ఆ వైపు వాళ్లయితే ముందు మీ ఊరి పేరు ఉందేమో వెతుక్కోండి, దొరికిందంటే ఇంక పుస్తకం కింద పెట్టరు. అందులో ఉన్నదంతా జరిగిందే అని కాదు, విన్నవీ కన్నవీ కలిసిపోయి ఉంటాయి, అయినా రెండొందల ఏళ్ల కిందట ఊళ్లో జనం తమ ఊరి గురించి ఏమనుకునేవాళ్లో మనకి ఇంకెక్కడ దొరుకుతుంది?

పెద్ద పుస్తకాలంటే భయపడేవాళ్లకి డాక్టర్ కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు ఇవ్వండి. ఒక ముసలాయన, తప్పిపోయిన చూలు పంది, ఒక రాత్రి, అడవి, అంతే కథ. కాలేజీ పిల్లలకి మొదటి నవలగా దీన్ని మించింది నాకు తోచదు. ఖదీర్ బాబు దర్గామిట్ట కతలు కూడా అంతే, నెల్లూరు ముస్లిం ఇళ్లలో పిల్లల బాల్యం నెల్లూరు యాసలోనే, నవ్వుతూ చదువుతూనే కళ్లు తడుస్తాయి. ఉత్తరాంధ్ర నుంచి రావిశాస్త్రి అల్పజీవి, చాసో కథలు.

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, తేదీలు అనుకునేవాళ్లు మాత్రం సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఒక్కసారి తెరవండి. తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడెమీ అవార్డు, 1955లో, దీనికే. పాత కావ్యాలన్నీ జల్లెడ పట్టి అప్పటి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ మూఢనమ్మకాలు పట్టుకుని వేలాడారు అన్నీ బయటికి తీశారు, తప్పులు కనిపిస్తే మనవాళ్లనైనా మొహమాటం లేకుండా తిట్టారు. దానితో పాటు ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒక భాషలో చెప్పింది ఇంకో భాషలో చెప్పే ఉద్యోగి ఆయన, 1830 మేలో దాదాపు వందమంది పరివారంతో బయల్దేరి 1831 సెప్టెంబర్‌కి తిరిగొచ్చారు, రైలు లేదు కదా, పల్లకీ బోయీలతో. దారిలో హైదరాబాద్, నాగపూర్, ప్రయాగ, కాశీ, వచ్చేటప్పుడు కలకత్తా, పూరీ, ఏ మజిలీలో నీళ్లు బాగున్నాయి, ఏ ఊళ్లో సామాన్లు దొరికాయి, ఎక్కడ సుంకం కట్టాలి, అన్నీ రాసుకుంటూ పోయారు. ఇప్పటికీ దాంట్లో చాలా భాగం ఎవరి సాయం లేకుండా మనకి అర్థమవుతుంది.

ఇవన్నీ కొనాలనేం లేదు. ఇంటి పన్నుతో పాటు మనం లైబ్రరీ సెస్సు కూడా కడుతున్నాం, జిల్లా గ్రంథాలయానికి వెళ్లి ఈ పుస్తకాలు అడగండి, లేకపోతే తెప్పించమని రాసివ్వండి, అడిగేవాళ్లుంటేనే తెప్పిస్తారు. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచీ పాత పుస్తకాలు, పత్రికలు దాస్తూ వస్తోంది, ఆ దారిన వెళ్లేవాళ్లు పిల్లల్ని తీసుకెళ్లండి. కాపీరైట్ అయిపోయిన పాతవి కొన్ని నెట్‌లో ఫ్రీగానే దొరుకుతున్నాయి.

మీ పత్రికకి కూడా ఒక విన్నపం ఎడిటర్ గారూ. ఆదివారం పుస్తకాల పేజీలో కొత్తగా వచ్చినవాటికే చోటు ఇస్తున్నారు, కొత్త రచయితలకి అది అవసరమే, కాదనను. దాని పక్కనే ఒక చిన్న బాక్స్‌లో వారానికొక పాత పుస్తకం వేయండి, ఎవరు వేస్తున్నారు, ధర ఎంత, ప్రింట్‌లో లేకపోతే ఏ లైబ్రరీలో చూడొచ్చు, ఈ వివరాలుంటే చాలు. మొదటి వారం మనకు తెలియని మన చరిత్ర వేస్తే చాలా సంతోషం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఖమ్మం