ఆ సూది ఎవరికి, ఎప్పుడు, ఎన్నాళ్లు?

సంపాదకుల వారికి,

బ్రిటన్‌లోనో అమెరికాలోనో ప్యూబర్టీ బ్లాకర్ల (యుక్తవయసు మార్పులను ఆపి ఉంచే సూదిమందుల) మీద తీర్పు వచ్చినప్పుడల్లా మన దగ్గర ‘పిల్లలకు లింగమార్పిడి మందులు’ అనే మాట తిరుగుతోంది. ఆ మాట తప్పు. దానివల్ల కంగారుపడేవాళ్లలో ట్రాన్స్‌జెండర్ పిల్లల కుటుంబాలే కాదు, ఏడో ఏటే ఛాతీ పెరగడం మొదలై డాక్టర్ సలహాతో నెలనెలా సూది వేయించుకుంటున్న ఆడపిల్లల తల్లిదండ్రులూ ఉంటారు. మందు ఒకటే మరి: ల్యూప్రోలైడ్ లేదా ట్రిప్టోరెలిన్. ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చిన పెద్దవాళ్లకు, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) ఉన్న స్త్రీలకు ఇచ్చేదీ ఇదే.

ఇది మగ హార్మోనూ కాదు, ఆడ హార్మోనూ కాదు. యుక్తవయసు మొదలయ్యేటప్పుడు మెదడులోని హైపోథాలమస్ నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ గంటకో గంటన్నరకో ఒకసారి కొద్దికొద్దిగా విడుదలవుతుంది. అలా విడతలుగా వస్తేనే పిట్యూటరీ గ్రంథి స్పందించి అండాశయాలను, వృషణాలను పనిలో పెడుతుంది. ఈ సూదిమందు ఆ హార్మోన్‌ను పోలినదే. కాకపోతే విడతలుగా రాకుండా ఒంట్లో ఏకధాటిగా ఉండిపోతుంది. మొదటి రెండు మూడు వారాలు పిట్యూటరీ ఇంకా ఎక్కువగా స్పందిస్తుంది, తర్వాత పట్టించుకోవడం మానేస్తుంది. అందుకే తొలి సూది తర్వాత కొందరు ఆడపిల్లల్లో కాస్త రక్తస్రావం కనిపిస్తుంది. మందు వికటించిందని భయపడి రెండో సూది మానేస్తే మాత్రం అసలుకే మోసం.

మోతాదు సాధారణంగా 28 రోజులకోసారి 3.75 మిల్లీగ్రాములు, లేదా మూడు నెలలకోసారి 11.25 మిల్లీగ్రాములు. పొడి, ద్రవం వేరువేరుగా వచ్చే మందైతే రెండూ కలిపిన వెంటనే కండలోకి ఎక్కించాలి. ఆలస్యం చేస్తే రేణువులు అడుగున పేరుకుని సూది మూసుకుపోతుంది, పిల్లలకు పూర్తి మోతాదు అందదు. తేదీ దాటిపోతే పిట్యూటరీ మళ్లీ మేల్కొంటుంది. సూది వేసిన చోట గడ్డకట్టి చీములా తయారవడం అప్పుడప్పుడూ ఉంటుంది. ఆగని తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. మెదడు చుట్టూ ఒత్తిడి పెరిగే అరుదైన సమస్య గురించి 2022లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందుల లేబుల్‌పై హెచ్చరిక చేర్పించింది.

ఎనిమిదేళ్లలోపు ఆడపిల్లల్లో, తొమ్మిదేళ్లలోపు మగపిల్లల్లో యుక్తవయసు లక్షణాలు మొదలైతే ఈ చికిత్స అవసరం కావచ్చు. ట్రాన్స్‌జెండర్ పిల్లలకు కొత్తగా ఈ మందు ఇవ్వడంపై బ్రిటన్ పెట్టిన నిషేధం ఈ పిల్లలకు వర్తించదు. అమెరికాలో సుప్రీంకోర్టు సమర్థించిన టెన్నెసీ రాష్ట్ర నిషేధ చట్టమూ వీళ్లను మినహాయించింది. ఈ ఒక్క మాట ప్రతి వార్తలోనూ ఉండాలి.

ఇక ట్రాన్స్‌జెండర్ పిల్లల సంగతి, అంటే పుట్టుకతో వచ్చిన లింగం తమది కాదని వేదన పడే పిల్లల సంగతి. ‘దశాబ్దాలుగా వాడుతున్న మందే కదా’ అని సమర్థకులు అంటుంటారు. నిజమే, కానీ వాడే కాలం వేరు. ముందుగా ఎదిగే పాపకు దాదాపు 11 ఏళ్లకు సూది ఆపేస్తే తోటి పిల్లలతో పాటే తన సొంత హార్మోన్లతో పెద్దమనిషి అవుతుంది. ట్రాన్స్‌జెండర్ పిల్లలకు సరిగ్గా తోటివాళ్లు ఎదగడం మొదలుపెట్టే వయసులో సూది మొదలవుతుంది, కొందరికి మూడు నాలుగేళ్లు సాగుతుంది. ఎముకల్లో ఖనిజాలు గట్టిగా పేరుకునేది ఆ ఏళ్లలోనే. మొదటి సందర్భంలో దొరికిన భరోసాను రెండోదానికి యథాతథంగా అంటగట్టడం సరికాదు.

ఈ పద్ధతి నెదర్లాండ్స్‌లో పుట్టింది. 12 ఏళ్ల నుంచి బ్లాకర్, 16కు తాము కోరుకునే లింగానికి తగిన ఆడ లేదా మగ హార్మోన్, 18 తర్వాత శస్త్రచికిత్స అనేది అక్కడివాళ్ల క్రమం. చిన్నతనం నుంచీ ఆ వేదన ఉండాలి, మానసికంగా నిలకడ ఉండాలి, ఇంట్లోవాళ్ల అండ ఉండాలి అని గట్టి షరతులు పెట్టారు. 2011లో వచ్చిన వాళ్ల అధ్యయనంలో ఉన్నది 70 మంది. 2014లో శస్త్రచికిత్స తర్వాతి ఫలితాలు చెప్పింది 55 మంది గురించి. ఫలితాలు బాగున్నాయి. అయితే ఆ షరతులతో ఎంపికైనవాళ్ల ఫలితాలవి. ఇంగ్లండ్‌లో ఇలాంటి పిల్లల కోసం ఉన్న ఏకైక జాతీయ క్లినిక్‌కు 2011-12లో 250 లోపు పిల్లలను పంపితే, 2021-22 నాటికి ఆ సంఖ్య 5,000 దాటింది. కొత్తగా వచ్చినవాళ్లలో కౌమారంలోనే ఈ వేదన మొదలైనవాళ్లు, ఆటిజం, కుంగుబాటు కూడా ఉన్నవాళ్లు చాలామంది. పాత ఫలితాలు వీళ్లకు సరిపోతాయా అన్నదే వివాదంలో అసలు ముడి.

ఆ ఇంగ్లండ్ క్లినిక్‌లోనే 44 మందితో ఒక అధ్యయనం జరిగి 2021లో ప్రచురితమైంది. మానసిక స్థితిలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు, మెరుగూ లేదు, దిగజారడమూ లేదు. 44 మందిలో 43 మంది తర్వాత హార్మోన్లకు వెళ్లారు. ‘చూశారా, సరైన పిల్లలనే ఎంపిక చేశారు’ అని ఒక పక్షం. ‘ఆలోచించుకోవడానికి విరామం అన్నారు, ఒక్కరు తప్ప అందరూ ఒకే దారిన పోయారు, ఇక విరామం ఎక్కడ?’ అని మరో పక్షం. పోల్చి చూసే బృందం లేని అధ్యయనం ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చలేదు. ఇంగ్లండ్‌లో ఈ పిల్లల వైద్య సేవలను సమీక్షించిన డాక్టర్ హిలరీ కాస్ 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక కోసం యార్క్ విశ్వవిద్యాలయం 50 అధ్యయనాలను జల్లెడ పడితే ఉన్నత నాణ్యత ఉన్నది ఒక్కటే తేలింది. ఆధారం బలహీనంగా ఉందంటే హాని రుజువైందని అర్థం కాదు, మేలు రుజువైందనీ కాదు. మా దృష్టిలో అందుకు తగిన మార్గం, కొద్దిమందికే, గట్టి పరిశీలనతో, ఫలితాలన్నీ నమోదుచేస్తూ ఇవ్వడం. చట్టంతో తలుపు పూర్తిగా మూసేయడం కాదు.

ఇవ్వాల్సి వస్తే ఏం చూడాలి? వయసు ఒక్కటే చాలదు, శరీరం యుక్తవయసులోకి అడుగుపెట్టిందా లేదా చూడాలి. ఆడశరీరంలో ఛాతీ మొగ్గ, మగశరీరంలో వృషణం 4 మిల్లీలీటర్లకు చేరడం తొలి గుర్తు. వృషణాన్ని 1 నుంచి 25 వరకు అంకెలు వేసిన పూసల దండతో పోల్చి కొలుస్తారు, నాలుగో పూస సైజుకు వస్తే మొదలైనట్టు. అంతకుముందు సూది ఇవ్వడంలో అర్థం లేదు. ఎడమచేతి ఎక్స్‌రేతో ఎముకల వయసు, రక్తంలో పిట్యూటరీ హార్మోన్లయిన ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఇంకా విటమిన్ డి చూడాలి. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ సూది మొదలుపెట్టే ముందొకటి, తర్వాత ఏడాదికో రెండేళ్లకో ఒకటి తీయించాలి. ఈ స్కాన్‌లో జెడ్ స్కోరు (తోటి వయసువాళ్లతో పోల్చి చెప్పే అంకె) తగ్గిందని చూసి ఎముక కరిగిపోయిందనుకుంటారు. చాలాసార్లు ఎముక ఉన్నచోటే ఉంటుంది, తోటి పిల్లల ఎముకలు ముందుకెళ్లిపోతాయి. హార్మోన్లు మొదలయ్యాక కొంత పూడుతుంది, అందరిలో పూర్తిగా పూడదు. సూది ఎన్నేళ్లు సాగదీస్తే ఆ లోటు అంత పెరుగుతుంది కాబట్టి, ‘విరామమే కదా’ అని ఏళ్ల తరబడి కొనసాగించకూడదు.

సంతానం సంగతి ఇంకా కష్టం. యుక్తవయసును తొలిదశలోనే ఆపేసి నేరుగా హార్మోన్లకు వెళితే వీర్యకణాలు గానీ అండాలు గానీ పరిపక్వం కావు, దాచుకోవడానికి ఏమీ ఉండదు. పన్నెండేళ్ల బిడ్డ ‘నాకు పిల్లలు వద్దు’ అంటే ఆ మాటకు ఎంత విలువివ్వాలో తల్లిదండ్రులు, డాక్టరు, సైకియాట్రిస్టు కలిసి కూర్చుని, ఒక్కరోజులో కాకుండా, మాట్లాడాలి.

అలాగని ‘18 నిండేదాకా ఆగండి, పోయేదేముంది’ అనడమూ నిజం కాదు. గొంతు మారాక ఏ సూదీ దాన్ని వెనక్కి తేలేదు. పూర్తిగా పెరిగిన ఛాతీని తగ్గించాలంటే శస్త్రచికిత్సే. అందుకే పదహారేళ్లకు ఇచ్చిన బ్లాకర్‌తో ఒరిగేది తక్కువ. ఆగినా శరీరంలో మార్పు వస్తుంది, ఇచ్చినా వస్తుంది. ఆ బిడ్డ రోజూ అద్దంలో చూసుకుని పడే బాధను లెక్కలోంచి తీసేసి నిర్ణయం చేయడం వైద్యం కాదు.

దేశాల తీర్పులను కూడా ఒకే గాటన కట్టకూడదు. ఫిన్లాండ్ 2020లో, స్వీడన్ 2022లో ఆరోగ్య సంస్థల మార్గదర్శకాలతో వాడకాన్ని బాగా తగ్గించాయి, అసాధారణ సందర్భాలకు వీలు ఉంచాయి. బ్రిటన్‌లో 2024 మేలో అత్యవసర ఉత్తర్వు, డిసెంబర్‌లో నిరవధిక నిషేధం వచ్చాయి, 2027లో సమీక్షిస్తామన్నారు. అమెరికాలో 2025 జూన్ 18న సుప్రీంకోర్టు 6-3తో చెప్పింది టెన్నెసీ చట్టం రాజ్యాంగవిరుద్ధం కాదని. మందు మంచిదా చెడ్డదా అని అది తేల్చలేదు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న టెక్సాస్‌లో 2023 సెప్టెంబర్ నుంచే ఇలాంటి నిషేధం ఉంది.

మన రెండు రాష్ట్రాల్లో ట్రాన్స్‌జెండర్ పిల్లలను పట్టి పీడిస్తున్నది బ్లాకర్ల వెల్లువ కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లే ధైర్యం లేక ఆడరూపం కోసం మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు కొని రోజుకు రెండు మూడు మింగడం. వాటిలోని ఇథినైల్ ఈస్ట్రడయోల్ అనే ఆడ హార్మోన్ వల్ల కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. పొగతాగేవాళ్లకు అది మరీ ఎక్కువ. 2022 ఫిబ్రవరిలో నెల్లూరులోని ఓ లాడ్జిలో ఫార్మసీ విద్యార్థులు చేసిన లింగమార్పిడి ఆపరేషన్‌లో ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. చనిపోయింది పెద్దవాళ్లే, కానీ ఆ దారి మొదలయ్యేది ఇంట్లో చెప్పుకోలేని పదిహేనేళ్ల వయసులో.

కాబట్టి ప్రభుత్వాలను అడుగుతున్నది ఇదీ: బోధనాసుపత్రుల్లో వారానికి ఒక పూటైనా పిల్లల సైకియాట్రిస్టు, ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టర్) ఒకేచోట కూర్చునే ఓపీ పెట్టండి. అక్కడికి వచ్చే ప్రతి బిడ్డకూ సూది అక్కర్లేదు. చాలామందికి ముందు కావలసింది కుంగుబాటుకు చికిత్స, స్కూల్లో వేధింపులు ఆపించడం, ఇంట్లోవాళ్లతో మాట్లాడే మనిషి. సూది మొదలుపెట్టినవాళ్ల ఎత్తు, డెక్సా, మానసిక స్థితి పాతికేళ్లు వచ్చేదాకా ఒకే రిజిస్టర్‌లో రాయండి. పత్రికలను అడుగుతున్నది ఇంకా చిన్నది: మందు పేరు, పిల్లల వయసు, ఏ జబ్బుకు అన్నది వార్తలో రాయండి. ముందుగా ఎదిగిన పిల్లల తల్లిదండ్రులకు మాత్రం ఒక్క మాట, వచ్చే సూది తేదీ దాటనివ్వకండి.

— పిల్లల హార్మోన్ వైద్య విభాగంలో పనిచేస్తున్న డాక్టర్లు,
విశాఖపట్నం