ఆ ఏడు, ఆ ముప్ఫై ఎనిమిది

ఒరేయ్ సీనూ,

ఇన్నాళ్లకి రాస్తున్నా, తిట్టుకో. ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు, అమ్మ మోకాలి నొప్పి మామూలే. అసలు సంగతికి వచ్చేస్తా, ఆగలేకపోతున్నా.

మీ వార్డులో మూడో రోజు జ్వరానికే "విడాల్ పాజిటివ్, టైఫాయిడ్" అని (విడాల్ అంటే రక్తంలో టైఫాయిడ్ యాంటీబాడీలు వెతికే పరీక్ష) సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ మొదలెట్టేస్తున్నారని రాశావు కదా. నేపాల్ లలిత్‌పూర్‌లో చేసిన ట్రయల్ చూడు. అది టైఫాయిడ్ టీకా మీద, టీకా మన హైదరాబాద్ భారత్ బయోటెక్‌దే. సుమారు 20 వేల మంది పిల్లలు. సగం మందికి ఇది, మిగతా సగానికి మెనింజైటిస్ టీకా. బ్లడ్ కల్చర్‌లో, అంటే రక్తాన్ని బాటిల్‌లో వేసి ఉంచితే, క్రిమి పెరిగితేనే టైఫాయిడ్ అని లెక్క. టైఫాయిడ్ టీకా వేసినవాళ్లలో 7 కేసులు, మిగతావాళ్లలో 38. 2019లో వచ్చిన ఫలితం 81.6 శాతం రక్షణ.

ఇప్పుడు కల్చర్ తీసేసి విడాల్‌తో లెక్క కట్టారనుకో. ఊహకే, రెండు వైపులా వందేసి దొంగ పాజిటివ్‌లు కలుపు. 107, 138. రక్షణ 22 శాతం! అదే టీకా, అదే పిల్లలు. పరీక్ష చెడ్డదైతే మంచి మందు కూడా పనికిరానిదిలా కనిపిస్తుందిరా!

విడాల్‌ది పాపం ఏం లేదు. మొదటి వారంలో యాంటీబాడీలు సరిగా లేవవు, పాత జబ్బువేమో ఒంట్లో ఉండనే ఉంటాయి, మలేరియాకీ ఒక్కోసారి పాజిటివ్ వస్తుంది. పది రోజుల తేడాతో రెండు శాంపిళ్లు తీసి యాంటీబాడీలు నాలుగు రెట్లు పెరిగాయా అని చూడాలి. అప్పటికి పేషెంటు ఇంటికెళ్లి పప్పన్నం తింటుంటాడు. స్లయిడు మీద చుక్క కలిపి చెప్పే విడాల్ అయితే... ఇంకేం చెప్పను.

అలాగని కల్చర్ దేవుడేం కాదు. నూట్లో అరవై మందినే పట్టుకుంటుంది, ఎందుకంటే ఒక మిల్లీలీటరు రక్తంలో క్రిమి ఒకటి కూడా ఉండకపోవచ్చు. అందుకే పెద్దవాళ్లకి బాటిల్‌కి 8 నుంచి 10 మిల్లీలీటర్లు కావాలి. సిస్టర్లు రెండు మిల్లీలీటర్లు తీసి పంపి "నో గ్రోత్" అంటారు, పెరగడానికి అందులో ఏముంటే కదా! పిల్లలకి బరువుని బట్టి. యాంటీబయాటిక్ పడకముందే తియ్యాలి. చర్మానికి ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్ అర నిమిషం రుద్ది ఆరనివ్వండి, తర్వాత నరం ఎక్కడుందో అని మళ్లీ వేలు పెట్టొద్దు. బాటిల్ పైమూత తీయగానే లోపలి రబ్బరు శుభ్రమే అనుకుంటారు, కాదు, స్పిరిట్‌తో తుడవాలి. రాత్రి తీసిన బాటిల్‌ని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టనివ్వకు, నీకు దణ్ణం పెడతా.

ఇంకోటి, సెఫ్ట్రియాక్సోన్ మీద జ్వరం దిగడానికి ఐదారు రోజులు పడుతుంది. మూడో రోజే మందు మార్చేస్తే

ఉండు, మా ల్యాబ్‌లో కల్చర్ మెషీన్ కూస్తోంది, ఏదో బాటిల్ పాజిటివ్ అయినట్టుంది. గ్రామ్ స్టెయిన్ చెయ్యాలి, అంటే రంగు వేసి మైక్రోస్కోపులో క్రిమిని చూడాలి. మిగతాది తర్వాత.

నీ
రాంబాబు